ప్రెస్సుకు పెట్టిన బొట్టు

మొన్న చిలకలూరిపేటలో మా బావమరిది కూతురి పెళ్ళి భోజనాల దగ్గర పాత రోజుల మాటలు వచ్చి, మామయ్య పత్తి ప్రెస్సు విరిగిన సంగతి ఎవరో ఎత్తారు. "ఆ వెల్డరు సాయిబు సరిగా కరగకుండా పచ్చి అతుకు వేసి కొంప ముంచాడు గదా" అని నవ్వాడు మా బావమరిది. జరిగింది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనక, నా ఈడువాళ్ళు చదవగలిగిన రోజుల్లోనే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో ఇంజనీరింగు చదివి మామయ్య పత్తి ఫ్యాక్టరీలో చేరాను. నాన్న పోయాక నన్ను పెంచి చదివించిన మేనమామ ఆయన. కూతుర్నీ నాకే ఇవ్వాలనుకున్నారు. ఆ ఇంట్లో దేనికీ కాదనడం నాకు చేతకాలేదు.

రెండంతస్తుల ఎత్తున్న ప్రెస్సు ఉక్కు చట్రం పత్తిని బేలుగా నొక్కినప్పుడల్లా సాగి, వదిలినప్పుడల్లా ముడుచుకొనేది. ఏళ్ళ తరబడి అలా సాగీ ముడుచుకునీ ఎంత మంచి అతుకైనా అలిసిపోయి, వెంట్రుకవాసి పగులిస్తుంది. సీజనుకు ముందే దాన్ని కనిపెట్టి, ఇంకెంత కాలం ఆగుతుందో చెప్పడం నా పని. అతుకు మీద కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాస్తే, పగులున్నచోట నూనె చెమర్చి నల్లగీత తేలేది.

ప్రెస్సు విరిగిన ఏడు దసరా మర్నాడు చూడబోతే, నాలుగు మూలల అతుకుల మీదా అత్తయ్య దట్టంగా పసుపు మెత్తి కుంకుమ పెట్టి ఉంది. నేను గుడ్డ తీయగానే, "ఏరా, సీజను మొదలవబోతూ అమ్మవారి బొట్టు తుడుస్తావా? దానంతటదే రాలనీ" అంది. మిగతావన్నీ చూసి మూలలు వదిలేశాను. సాయంత్రం ఆ అతుకులన్నీ వేసిన వెల్డరు సాయిబు, నేను బాబాయి అని పిలిచే ఆయన, నా దగ్గరికొచ్చాడు.

"మూలలు గూడా చూసినట్టేనా అబ్బాయిగారూ? తేడా ఉంటే రేపే గీకి మళ్ళీ వేస్తా."

చూశానన్నాను.

సీజను మధ్యలో ఒక మూల తెగింది. ప్రెస్సు పెట్టెలో దిగి పత్తి తొక్కుతున్న మనిషి కాలు నలిగిపోయింది. అతన్ని ఆసుపత్రికి పంపి, తెగినచోట వంగి చూశాను. అంచున మాత్రం కొత్త తెగుదల మెరుస్తోంది. మిగతాదంతా నున్నగా, నల్లగా, పాతబడి ఉంది. ఆ నలుపులోకి పసుపు దిగి ఉంది. అంటే అత్తయ్య బొట్టు పెట్టిన నాటికే పగులు నోరు తెరిచి ఉంది. బాబాయి పనిలో లోపం లేదు. అతుకు అలిసిపోయింది, అంతే. బయట మామయ్య ఆయన్ని తిడుతున్నారు. "అబ్బాయిగారు చూశారండీ, ఆయన్నే అడగండి" అంటున్నాడు బాబాయి, ధీమాగా. నేను కిరసనాయిలు గుడ్డతో ఆ పసుపు తుడిచేశాను. బయటికొచ్చి, అతుకు పచ్చిదే మామయ్యా అన్నాను.

ఆ తర్వాత బాబాయికి ఏ ఫ్యాక్టరీలోనూ పని దొరకలేదు. కనిగిరి వెళ్ళి కిటికీల గ్రిల్లులు చేసుకుంటూ అక్కడే కన్నుమూశాడని విన్నాను.

ప్రెస్సు ఉన్నచోట ఇప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ లేచింది. పైపూత కదపకుండానే లోపలి పగులు పట్టే యంత్రాలు వచ్చాయి. ఇప్పటి కుర్రాళ్ళు ఏ అత్తయ్యకూ జవాబు చెప్పనక్కరలేదు. మా ఇంట్లో మాత్రం దసరాకు మా ఆవిడ నా స్కూటరుకు వాళ్ళమ్మలాగే దట్టంగా పసుపు మెత్తి బొట్టు పెడుతుంది. ఎన్ని వానలకు చెదిరి కారినా దాన్ని నేను గుడ్డతో తుడవను. ఎందుకో ఆవిడ ఏనాడూ అడగలేదు. ఈ కాగితాలు మొదట చదివేది ఆవిడే. వచ్చే దసరాకు ఆ బొట్టు పెడుతుందో లేదో.