అన్న లారీ ఇంజన్

ఈ రోజు సూర్యాపేటలో మెకానిక్ మా లారీ ఇంజన్ విప్పి చూశాడు. రిపేరు చేస్తే కొన్నాళ్లు నడుస్తుంది గానీ మార్చేయడమే నయమన్నాడు. అన్న పోయాక ఆ బండి నేనే నడుపుతున్నాను. ఆయన గుర్తుగా పాత ఇంజనే ఉంచాలని నా పట్టుదల. బండి చిలుకూరులో మా మలుపు తిరగ్గానే కాళ్లకు నీళ్లు తీసుకుని ఎదురొచ్చే వదిన కూడా అదే అంటుందని ఫోన్ చేశాను.

"మార్పియ్యి తమ్మీ," అంది. "ఆ సప్పుడు ఇనవడ్డప్పుడల్లా మీ అన్నే వచ్చిండని చెంబు వట్టుకొని ఉరికొస్తున్న. దిగేదేమో నువ్వు."

మార్చేయమని మెకానిక్‌కి చెప్పాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను మాత్రం ఇన్నాళ్లూ ఆ నీళ్లు నాకే అనుకున్నాను.