బోనం నడక, ట్యాంకర్ ఉరుకు

భాగ్యమ్మకు మెల్లగా చేయడమంటే ఏమిటో తెలియదు. శంషాబాద్‌లో వాళ్ల గల్లీ అంతా ఎరిగిన సంగతే ఇది. అన్నం ఉడక్కముందే గంజి వంపేస్తుంది. ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేస్తుంది. అలాంటి మనిషి 2011 చలికాలంలో, ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్ వాళ్లు పెట్టిన ఆరు కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చింది. ఆ దారి పొడుగునా పచ్చిక చూసుకునే పని ఆమెది. పనివాళ్లకు ఉచితమన్నారు, పైగా బనీను ఇస్తామన్నారు. ఇంకేం! కొంగు బిగించి, చీర మీదే బనీను తొడిగి, కుక్కలు తరిమినట్టు ఉరికింది. సగం దారిలో డివైడర్ మీద కూలబడింది. చివరికి పందెం వాళ్లే వ్యానులో ఎక్కించుకుని తెచ్చి దింపారు.

ఆ వ్యానే కొంప ముంచింది. పక్కింట్లోనే ఉండే ఆడబిడ్డ రుక్మిణమ్మ, "మా మరదలు ఉరుకుడు పందెం పోయి బండెక్కి వచ్చింది" అని ఏడాదంతా కనబడ్డవాళ్లకల్లా చెప్పింది. కూరగాయలవాడినీ వదల్లేదు. పరుగు పూర్తి చేసిన ప్రతివాళ్ల మెడలో వేసే పతకం భాగ్యమ్మకు దక్కలేదు, ఆ బాధ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మళ్లీ పందెం వచ్చింది. ఈసారి అందరికంటే ముందు రావాలన్న ఆశ ఆమెకు లేదు. ఏ బండీ ఎక్కకుండా తన కాళ్లతో తాను చివరిదాకా చేరాలి. అంతే.

డిగ్రీ చదివే కూతురు మనీషా ప్లాన్ వేసింది. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టాలో ఫోన్లో చూపించింది.

"గీ నిమిషాలు నాకేం ఎర్కనే? ఉరుక్కుంట ఫోన్ చూడాల్నా?" అంది భాగ్యమ్మ.

మనీషా నెత్తి పట్టుకుంది. "అమ్మా, నీ జిందగీల ఎప్పుడన్న నిమ్మలంగ నడిచినవా?"

"ఎందుకు నడ్వలే? బోనం ఎత్తుకుంటె నడుస్త గద. దీపం ఆరిపోదా మరి?"

నిజమే. ఆషాఢంలో తలమీద అమ్మవారి నైవేద్యపు కుండ బోనం, దానిమీద దీపంతో పోచమ్మ గుడికి బయలుదేరితే భాగ్యమ్మ వేరే మనిషి. మెడ కదలదు, అడుగు తడబడదు. గడపగడపకూ ఆడవాళ్లు ఎదురొచ్చి కాళ్ల మీద నీళ్లు పోస్తుంటే అలా సాగిపోతుంది.

మనీషా ఎగిరి గంతేసింది. "గదే! ఫ్లైఓవర్ దాటేదాక నెత్తిమీద బోనం ఉన్నదనుకో. ఆఖర్ల గీత కనబడ్డంక, ఇగ ట్యాంకర్ హారన్ కొట్టిండనుకో!"

ఆ గల్లీకి నల్లా నీళ్లు రావు, ట్యాంకరే దిక్కు. వెళ్లిపోయేముందు డ్రైవర్ గట్టిగా హారన్ కొడతాడు. అది చెవిన పడితే బిందెతో భాగ్యమ్మ తీసే పరుగు ముందు గుర్రాలు కూడా దిగదుడుపే.

ఇక రోజూ పొద్దున్నే తలమీద చెంబు పెట్టుకుని గల్లీ చివర ఖాళీ ప్లాట్ల చుట్టూ సాధన. రుక్మిణమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏందే మరదలా, నెత్తిమీద ఆ చెంబేంది?"

నోరాగని మనీషా ప్లానంతా మేనత్తకు పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"బాగనే ఉన్నది. బండికి మాత్రం ముందే చెప్పిపెట్టుకోండ్రి" అని రుక్మిణమ్మ నవ్వుకుంటూ లోపలికి పోయింది.

పందెం రోజు రానే వచ్చింది. పిల్లలు దాటిపోయారు, ముసలాయన దాటిపోయాడు, పొట్ట ఊపుకుంటూ ఒక లావాటాయన కూడా దాటిపోయాడు. భాగ్యమ్మకు ఒళ్లు మండింది కానీ మెడ తిప్పలేదు. దారిలో ఓ అమ్మాయి నీళ్ల గ్లాసు చాపితే, అలవాటుకొద్దీ ఆమె ముందు పాదం చాపి నిలబడింది. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

అంతా సవ్యంగానే సాగేది. కానీ ఫ్లైఓవర్ ఇంకా రాకముందే, వాళ్ల గల్లీ మలుపు దగ్గర నిలబడిన ట్యాంకర్ పోతూ పోతూ హారన్ కొట్టింది.

ఇంకెక్కడి బోనం! భాగ్యమ్మ కాళ్లు ఆమెనడగకుండానే లగెత్తాయి. లావాటాయనను దాటింది, ముసలాయనను దాటింది. మలుపు చేరేసరికి ఊపిరి అందడం లేదు, డొక్కలో పోటు. పక్కనే డివైడర్ రా రమ్మంటోంది. 'అయ్యో, పాయె. ఈసారి గూడ పాయె' అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓ మరదలా! నెత్తిమీది బోనమేమైందే?"

రుక్మిణమ్మ! నిండు బిందె చంకన పెట్టుకుని రోడ్డు మీదికే వచ్చేసింది. తిట్టబోతోందనుకుంది భాగ్యమ్మ. ఆవిడ బిందె వంచి ఆమె కాళ్ల మీద నీళ్లు ధారగా పోసింది.

"గిట్ల ఉరుకుతె దీపం ఆరిపోదా? మెడ లేపు. నిమ్మలంగ పో, తల్లీ."

చల్లటి నీళ్లు పాదాలకు తగలగానే భాగ్యమ్మ మెడ దానంతటదే నిటారైంది. రెండడుగులు, నాలుగడుగులు, ఇక సాగిపోయింది. ఫ్లైఓవర్ దాటింది. గీత కనబడ్డాక అప్పుడు తీసింది అసలైన ట్యాంకర్ పరుగు! వెనక నుంచి లెక్కపెడితే ముందుంటుంది, అయితేనేం, పతకం మెడలో పడింది.

ఇంటికి ఆటోలో పోదామని మనీషా అంటే ఒప్పుకోలేదు. నడిచే వచ్చింది. రుక్మిణమ్మ గడపలో కూర్చుని ఉంది, పక్కన ఖాళీ బిందె. ట్యాంకర్ మళ్లీ ఎల్లుండి గానీ రాదు. అడిగినా చెంబెడు నీళ్లు బదులివ్వని మనిషి ఆవిడ.

భాగ్యమ్మ ఇంట్లోకి వెళ్లి, మిగిలి ఉన్న నీళ్ల బిందె తెచ్చి ఆ ఖాళీ బిందెలో సగం వంచింది. తర్వాత పతకం తీసి వదిన మెడలో వేసింది.

"ఓయమ్మా, నాకెందుకే ఇది! తియ్యి, నలుగురు నవ్వుతరు" అంది రుక్మిణమ్మ.

అన్నదే గానీ, రాత్రి రొట్టెలు చేసేటప్పుడు కూడా మెడలోంచి తీయలేదు.