మా అరుణ ఆట బెల్లు

నిన్న పొద్దున దీపం దగ్గర కూర్చుని వత్తులు సరిచేసుకుంటుంటే ఫోన్ మోగింది. రాయగడ నుంచి మా మరిది, అరుణ భర్త.

"వదినా, అరుణ ఎల్లిపోయింది."

"బడికే కదేటి?" అన్నాను.

అతను ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది.

హార్ట్ అటాక్ అట. చీర కట్టుకుని, టిఫిన్ బాక్స్ బ్యాగులో పెట్టుకుని, చెప్పులు వేసుకోబోతూ గుమ్మంలో కూలబడిపోయింది. హాస్పిటల్ దాకా కూడా వెళ్ళలేదు.

సునాబెడ నుంచి రాయగడ వరకు కారులో నామం చెప్పుకుంటూ వచ్చాను. ఘాట్ రోడ్డులో ఎక్కడో నామం కూడా ఆగిపోయింది. ఎక్కడ ఆపానో గుర్తులేదు.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మా ఇంట్లో నేను పెద్దదాన్ని, అరుణ ఆఖరి చెల్లెలు. నన్ను అప్పా అనేది. కొల్నార దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్. పిల్లలు దిదీ అని పిలిచేవారు.

అది ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. అయినా మళ్ళీ చెబుతాను. చెబుతుంటే అది పక్కన కూర్చున్నట్టు ఉంది.

మన ఇళ్ళలో రీసెస్‌ని ఇంటర్‌బెల్ అంటాం. అక్కడి ఒడియా బడుల్లో "ఖేళ ఛుటి" అంటారు. ఆటకి వదలడం. ఉత్త "ఛుటి" అంటే బడి వదిలేసినట్టే.

మా పిల్ల ఖేళ మర్చిపోయింది. గంట కొట్టించి దర్జాగా "ఛుటి!" అంది.

పిల్లలు ఊరుకుంటారా? బ్యాగులు తగిలించుకుని కొండ దాటి ఇళ్ళకి పోయారు.

సాయంత్రం ఫోన్ చేసి, "అప్పా, బడంతా ఖాళీ. నేనూ గంటా మిగిలేం" అంది.

"నువ్వు కూడా ఇంటికొచ్చీవలసింది కదే అమ్మి" అన్నాను.

"వచ్చీదాన్నే. వంటామె అన్నం వండీసింది. ఎవులు తింటారని నన్ను తిడతంది."

తర్వాత ఏళ్ళ తరబడి పిల్లలు దాన్ని ఏడిపించారు. సరిగ్గా ఖేళ ఛుటి అన్నా సరే, ఎవరో ఒకరు లేచి, "దిదీ, బ్యాగు తీయాలా, ఉంచాలా?" అని అడగడం. అది నవ్వేసి, "ఉంచండ్రా" అనడం.

బ్యాగు తీస్తే ఇల్లు. ఉంచితే ఆట.

ఆ ఆట టైమే దానికి ప్రాణం అయిపోయింది.

ముందు అక్కడ భోజనం, ఆట ఒకే బెల్లులో ఉండేవి. పిల్లలు కంచాలు పట్టుకుని బోరింగు దగ్గర లైన్లో నిలబడేవారు. పెద్దవాళ్ళు గబగబా తినేసి గ్రౌండ్ అంతా ఆక్రమించేవారు. ఒకటో క్లాసు వాళ్ళకి చేతులు కడుక్కునేసరికే ఆలస్యం. ఆట పోతుందని సగం అన్నం పారేసి పరిగెత్తేవారు.

అరుణ దాన్ని తిరగేసింది. ముందు ఆట, తర్వాత అన్నం. చిన్నపిల్లలకి నీడవైపు సున్నంతో గీత గీసి, ఇటు పెద్దవాళ్ళు రాకూడదంది. పాత సైకిల్ టైర్లు సంపాదించింది. కొంగు దోపుకుని తనే తొక్కుడుబిళ్ళ ఆడేది.

అన్నం చల్లారిపోతుందని వంటామె గొణిగింది. కొన్నాళ్ళకి కంచాల్లో మెతుకు మిగలడం లేదని ఆమే చెప్పింది.

"ఆడుకునొస్తే ఆకలేస్తాదప్పా. దీనికి కూడా ట్రైనింగు కావాలేటి?" అనేది అరుణ.

ఈ ఏడాది కొత్త హెడ్మాస్టర్ గారు వచ్చారు. మంచివారే. పిల్లలకి చదవడం రావడం లేదని ఆయన బెంగ ఆయనది. వెనకబడినవాళ్ళకి ఆట టైములో ఎక్స్‌ట్రా క్లాస్ పెడదామన్నారు.

అంటే చదువు రాని పిల్లకి ఆట కూడా లేదు.

పోయిన ఆదివారం అరుణ ఫోన్ చేసింది. గొంతులో ఓపిక లేదు.

"బెంచీ మీద కూకోబెడితే సదువొచ్చేస్తాదేటి? నన్ను నాన్న కూకోబెట్టలేదేటి. లెక్కలొచ్చీయా?"

"దేవుడికి చెప్పుకోవే" అన్నాను. నాకు తెలిసింది అదే.

"దేవుడికి నువ్వు సెప్పప్పా. హెడ్మాస్టరికి నేను సెప్తాను."

ఆ మాట చెప్పడానికే నిన్న బయల్దేరింది.

మధ్యాహ్నం ఆయనే ఇంటికి వచ్చారు. దండ వేశారు. కళ్ళు తుడుచుకున్నారు. ఒడియా ఆయనే అయినా తెలుగు మాట్లాడతారు.

"రేపు స్కూల్‌కి ఛుటి ఇచ్చేస్తన్నాం అమ్మా. దిదీ గౌరవం కోసం" అన్నారు.

దేవుడికి చెప్పాల్సింది నేను, ఆయనకి చెప్పాల్సింది అది. ఇప్పుడు రెండూ నా మీదే పడ్డాయి.

"ఛుటి వద్దు బాబూ. ఖేళ ఛుటి ఇవ్వండి. అందరికీ."

ఆయన అది పడుకున్న వైపు చూశారు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేశారు. వెనకాల పిల్లల గోల.

"ఆడతన్నారమ్మా. అందరూ."

"రేపు?" అని అడిగాను.



"రేపు కూడా. దిదీ పెట్టినట్టే ఉంటాది."

మైల కాబట్టి దీపం పెట్టకూడదు. మనసులోనే పెట్టాను.

అరుణా, నీ బ్యాగు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. టిఫిన్ బాక్స్ కడిగి మళ్ళీ అందులోనే పెట్టాను. ఎవరినీ కదపనివ్వలేదు.

బ్యాగు ఉంచే వెళ్ళావు కదే అమ్మి.

వెళ్ళు. ఆడుకో. ఎండ తగలకుండా ఆ స్వామి నిన్ను నీడవైపు ఉంచాలి.

– మీ పెద్దప్ప