గంప ఉంటేనే గడప

థ్రెషోల్డ్ అన్న ఇంగ్లీషు మాట ఎక్కడ కనబడినా నేను చదవడం ఆపేస్తాను. అంటే గడప. దీనికొక ముచ్చటైన కథ అల్లారు. పూర్వం ఇంగ్లండులో ఇంటి నేలంతా గడ్డి పరిచేవాళ్లట, ఆ గడ్డి బయటికి జారకుండా ద్వారానికి అడ్డం పెట్టిన చెక్కే థ్రెషోల్డట. ఉత్త కట్టుకథ. వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటలో ఉన్నది థ్రెష్. కంకులు నూర్చడం, ఇంకా వెనక్కి పోతే కాళ్లతో తొక్కడం. మిగతా ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులకే అంతు చిక్కలేదు. చిక్కకపోతే పోనీ, నాకు మొదటి ముక్క చాలు.

ఈ సంగతి చెప్పింది జహీరాబాద్ హైస్కూల్లో మా ఇంగ్లీషు సారు. అరవైల మొదట్లో, జొన్న కోతలు అయిపోయిన రోజుల్లో. గడపంటే కాళ్లు తొక్కే చోటని ఆయన చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎవరి కాళ్లు అని అడగాలనిపించింది గాని, అడగలేదు.

నాన్న పోయాక అమ్మ ఒక దొర ఇంట్లో కూలికి పోయేది. ఏడాది పొడుగునా మాకు పనిచ్చే ఇల్లు అదొక్కటే. కళ్లంలో జొన్నలు నూర్చి, తూర్పారబట్టి, ఇంటికి చేర్చేదాకా అమ్మే ఉండాలి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నెత్తిమీద నిండు గంప ఉంటే మేము గడప దాటవచ్చు, నడింట్లోంచి నడిచి వెనక గదిలో గింజలు దాచే వెదురు గుమ్మి నింపి రావచ్చు. గంప లేకుండా మాత్రం గడప ఇవతలే. గొంతెండిపోతున్నా వాకిట్లో నిలబడి దోసిలి పట్టాలి, వాళ్లు పైనుంచి నీళ్లు పోయాలి. ఎవరు కనిపెట్టారో గాని మహా తెలివైన అంటు అది. జొన్నలు మోస్తున్నంతసేపు కళ్లు మూసుకుని ఉంటుంది.

సారు ఆ సంగతి చెప్పిన వారమే, ఆదివారం బడి లేదు, నేనూ గంప ఎత్తాను. అమ్మకు పొద్దుటి నుంచే జ్వరం. గుమ్మిలో జొన్నలు పోసి, ఖాళీ గంపతో వస్తూ వస్తూ కళ్లు తిరిగి గడప మీదే కూలబడింది. లోపలి నుంచి దొరసాని వచ్చింది.

"గడప మీద కూసుంటరానే? లెవ్వు, అవుతలికి నడువు."

నా నెత్తిమీది గంపను వాకిట్లో దించి, అమ్మను లేవొద్దన్నాను. దొరసాని ముఖంలోకే చూస్తూ అడిగాను.

"నెత్తిమీద గంప ఉన్నప్పుడు లేని అంటు, గంప దించంగనే ఏడికెళ్లి వచ్చింది దొరసానీ?"

ఆమె అమ్మ వైపు తిరిగింది. బిడ్డ నోరు అదుపులో పెట్టుకోకపోతే రేపటి నుంచి పనికి రావద్దంది. ఆ పని పోతే మాకు తిండి లేదు, నా చదువూ లేదు. అమ్మ నన్ను ఒక్కటి పీకి, దొరసాని కాళ్లావేళ్లా పడుతుందనుకున్నాను. అయినా అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఈ రోజుకీ కాదు.

అమ్మ ద్వారబంధం పట్టుకుని మెల్లగా లేచింది. బయటికి రాలేదు. లోపలికి పోయింది. ఖాళీ గంపను నడింట్లో పెట్టి, నీళ్ల బిందె దగ్గరికి నడిచి, తన చేత్తో చెంబు ముంచుకుని నిలబడి తాగింది. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. గడప మీద కాలు ఆనించి, దిగి, నా చెయ్యి పట్టుకుంది.

"మీ గంప మీ ఇంట్లనే పెట్టిన దొరసానీ. మిగిలిన జొన్నలు మీరే మోసుకోండ్రి."