ఎండ వచ్చే గది

పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వగానే హిమాలయాల్లో ఒక చిన్న కొండ ఊరికి పోదామనుకున్నాం. గది కోసం హనుమకొండ నుంచే అక్కడ గదులు అద్దెకిచ్చే ఒక ఇంటికి ఫోన్ చేశాను. పిల్లలున్నారని చెప్పగానే, రోజంతా ఎండ పడే మంచి గది మాకే ఉంచుతానంది ఆ ఇంటావిడ.

"మే నెలల ఎండ రూమా? జర నీడ రూమ్ అడుగు," అన్నాడు పక్కనుంచి మా ఆయన. అడిగాను.

ఆవిడ హిందీలో మెల్లగా అంది: "పిల్లలు అంత తప్పేం చేశారమ్మా?"

మేం వెళ్లాక, నా మాట పట్టించుకోకుండా ఎండ గదే ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే చలికి శాలువా కప్పుకుని, పిల్లల్ని పక్కకు జరిపి మరీ కిటికీ దగ్గర కూర్చున్నాడు మా ఆయన.

బయల్దేరేటప్పుడు తన హనుమకొండ హిందీలో ఆవిడను పిలిచాడు: "మే నెలలో మా ఇంటికి రండి దీదీ. మా దగ్గర అన్నీ మంచి గదులే."