పూజలో పెట్టిన ఎయిర్ రైఫిల్

మా ఇంట్లో ఎయిర్ రైఫిల్ ఉందని తెలిసినప్పుడు మావాళ్లంతా మా ఆయన్ని ఆటపట్టించారు, ఈ వయసులో ఈయనకు వేట పిచ్చి పట్టిందని. అది నాదని చెబితే ఒక్కరూ నమ్మలేదు. మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. ఇంట్లోకి బొద్దింక వస్తే దాన్ని కాగితం మీదికి ఎక్కించి గడ్డిలో వదిలి వచ్చే మనిషి. ఇంట్లో చంపే పనులన్నీ నావే.

టకానినిలో మా ఇంటి నుంచి పది నిమిషాలు డ్రైవ్ చేస్తే ఇళ్లు అయిపోయి పచ్చిక మొదలవుతుంది. అక్కడ ఒక కివీ తాత దగ్గర ఎకరం నేల లీజుకు తీసుకున్నాను. బయట మెంతి, చుక్కకూర, పాలకూర, ప్లాస్టిక్ షీటు కప్పిన టన్నెల్‌లో గోంగూర. కోసి, కట్టలు కట్టి, శాండ్రింగ్‌హామ్‌లోని మన షాపులకు నేనే తీసుకెళ్లి వేస్తాను. చేస్తున్న ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న ఏడాది నన్ను మనిషిని చేసింది ఆ ఎకరమే. దాని మీద ఎవరు చెయ్యి వేసినా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ దేశంలో ఉడతలు లేవు. కుందేళ్లు ఉన్నాయి. అవి వచ్చి పోయిన మర్నాడు మెంతి మడి చూస్తే ఎవరో మంగలిని పిలిచి గీయించినట్టు ఉంటుంది. మొదటి ఏడాది వల కట్టాను, కింద నుంచి తవ్వుకుని వచ్చాయి. రెండో ఏడాది కివీ తాత తన పాత ఎయిర్ రైఫిల్ చేతికిచ్చి కాల్చడం నేర్పాడు. తర్వాత నేను సొంతంగా ఒకటి కొనుక్కున్నాను. తాత చెప్పినవి మూడే. కుందేలు వెనక మట్టి కట్ట ఉంటేనే కాల్చాలి. తలకు తగులుతుందన్న నమ్మకం లేకపోతే కాల్చకూడదు. కాల్చకుండా తిరిగొచ్చేటప్పుడు లోపలున్న పెల్లెట్‌ని, ఆ చిన్న సీసం గుండుని, అక్కడే మట్టిలోకి కాల్చేసి, ఖాళీ గన్‌తోనే ఇంటికి వెళ్లాలి. మొదటి కుందేలును కొట్టిన రోజు చేతులు మూడుసార్లు కడుక్కున్నా అన్నం సహించలేదు. రెండోదాన్ని కొట్టిన రోజు సహించింది.

పోయిన ఏడాదికి కుందేళ్లు కూడా తెలివి మీరాయి. నా గన్ అందనంత దూరంలో, కాలువ గట్టు మీద కూర్చుని నన్నే చూసేవి. అంత దూరం నుంచి ఎయిర్ రైఫిల్‌తో కొడితే చావకుండా కుంటుకుంటూ పోతాయి, అది పాపం. ట్వెంటీ టూ, అంటే అసలు తూటాలు పేల్చే చిన్న రైఫిల్, అయితే సరిపోతుంది అన్నాడు తాత. ఎయిర్ రైఫిల్‌కు నాకు ఏ లైసెన్సూ అక్కర్లేకపోయింది, ట్వెంటీ టూకు మాత్రం తప్పదు. పరీక్ష రాశాను, పాసయ్యాను. గన్ పెట్టే ఇనుప బీరువాను గరాజ్ గోడకు బోల్టులతో బిగించాను. ఇక మిగిలింది ఒక్కటే: పోలీసుల తరఫున ఒక ఆఫీసర్ ఇంటికి వచ్చి నాతోనూ, నాతో ఒకే ఇంట్లో ఉండే మనిషితోనూ విడివిడిగా మాట్లాడాలి. దసరా వెళ్లిన తర్వాతి గురువారం వస్తామన్నారు.

ఆ దసరాకు మా అత్తమ్మ మా దగ్గరే ఉంది, కరీంనగర్ నుంచి మూడు నెలల కోసం వచ్చింది. ఆయుధ పూజ గరాజ్‌లో పెట్టుకున్నాం. ఇక్కడ అక్టోబర్ అంటే వసంతం, బంతిపూలు దొరకవు. పొలంలో పూసిన ఆవపూలు కోసుకొస్తే అత్తమ్మ తెల్లదారంతో దండలు కట్టింది. కారు ముందు చాప పరిచి పార, కొడవలి, కూరలు తూచే తక్కెడ, మా ఆయన బస్సు బ్యాడ్జి, అన్నీ వరసగా దాని మీద పెట్టాం.

"తుపాకి ఏది బిడ్డా? అది గూడ మనకు అన్నం పెడుతున్నదే గదా, తీస్కరా," అంది.

నేనే బీరువా తాళం తీసి తెచ్చి చాప మీద పెట్టాను. అత్తమ్మ కర్ర భాగానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండ చుట్టడం మొదలుపెట్టింది. మా ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని కర్పూరం వెలిగిస్తున్నారు. ట్రిగ్గర్ మీదుగా పోయిన దారం జారకుండా అత్తమ్మ గట్టిగా ఒక లాగు లాగింది.

టప్‌మని పేలింది. మూసి ఉన్న గరాజ్‌లో ఆ చప్పుడు చెవుల్లో గింగురుమంది. మా ఆయన పక్కనున్న సోనామసూరి బస్తాకు చిన్న చిల్లు పడి బియ్యం ధారగా కారుతున్నాయి. ఆ చిల్లుకూ ఆయన మోకాలికీ మధ్య జానెడు దూరం.

ముందు రోజు సాయంత్రం మడి అంచుకు వచ్చిన కుందేలుకు గురిపెట్టాను, అది పారిపోయింది. అంతలో వాన మొదలై, కోసిన కూర తడిసిపోతోందని పరుగెత్తాను. పెల్లెట్ లోపలే ఉండిపోయింది. సేఫ్టీ లాక్ కూడా తీసే ఉంది. తాత చెప్పిన మూడింట్లో మూడోది మరిచిపోయాను. మా ఆయన చేతిలోని కర్పూరం పళ్లెం కింద పెట్టి, బస్తా చిల్లుకు వేలు అడ్డం పెట్టారు. అలాగే చాలాసేపు కూర్చున్నారు.

"ఎవ్వలకేం గాలే. తల్లి సల్లగ జూసింది. ఇగ ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకుండ్రి," అంది అత్తమ్మ.

ఆ మాట నాకు ప్రాణం పోసింది. ఇలా మన ఇళ్లలో ఎన్ని విషయాలు కప్పిపెట్టలేదు? తప్పు జరిగితే ముందు తలుపులు మూస్తాం, తర్వాత మాట్లాడుకుంటాం. ఆ వారం రోజులూ నేను మా ఆయనకు పాఠం చెప్పాను. టిఫిన్ తింటుంటే చెప్పాను, డ్యూటీకి బయల్దేరుతుంటే చెప్పాను. ఏమైనా ప్రమాదం జరిగిందా అంటే లేదు అనాలి. ఆమె జాగ్రత్తగా ఉంటుందా అంటే చాలా జాగ్రత్త అనాలి. మీకు భయంగా ఉందా అంటే లేదు అనాలి. తల వంచుకోకుండా ఆఫీసర్ కళ్లలోకి చూస్తూ చెప్పాలి. ఆయన అన్నింటికీ "సరే" అన్నారు. అబద్ధం ఆడటం రాని మనిషి, ఎక్కడ తడబడతారోనని నాకు నిద్ర పట్టేది కాదు. లైసెన్సు రాకపోతే ఈ ఏడు మెంతి పోయినట్టే, మెంతి పోతే షాపులవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు, మళ్లీ నేను ఇంట్లో ఆ కుర్చీలో. ఇదే తిరిగేది బుర్రలో.

గురువారం వచ్చిన ఆఫీసర్ యాభై దాటిన ఆవిడ. మామూలు బట్టల్లో వచ్చింది, గుమ్మంలో బూట్లు విప్పబోతే నేనే వద్దన్నాను. ముందు గరాజ్ చూస్తానంది. బీరువా బోల్టులు లాగి చూసింది, బాగా బిగించారు అంది. ఎయిర్ రైఫిల్ బయటకు తీసి చూపించాను. కర్ర మీది గీతల్లో పసుపు మిగిలి ఉంది.

"ఇదేమిటి?" అంది.

పండగ అన్నాను. మాకు పని చేసిపెట్టే వస్తువులకు ఏడాదికోసారి పూజ చేస్తాం అన్నాను. ఆవిడ నిజంగానే ఇష్టంగా వింటోంది. పువ్వులు ఎక్కడివి, ఎవరు చుడతారు అని అడిగింది. మా అత్తమ్మ అన్నాను. ఎలా చుట్టిందో చేతులతో చూపిస్తున్నాను. దారం లాగిన చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఆగలేదు, నోరూ ఆగలేదు. బస్తా సంగతి, వాన సంగతి, జానెడు సంగతి, అంతా చెప్పేశాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది.

ఆవిడ ముఖం ఏమీ మారలేదు. చెప్పినందుకు థాంక్స్ అంది. ట్యాబ్‌లో ఏదో రాసుకుని, ఇప్పుడు మీ భర్తతో ఒంటరిగా మాట్లాడాలి, మీరు కాసేపు బయట ఉండండి అంది.

నేను నిజం చెప్పేశానని ఆయనకు చెప్పే వీలు లేదు. హాల్లోంచి పోతూ కళ్లతో సైగ చేశాను, ఆయన నేను ధైర్యం చెప్తున్నాననుకుని తలూపారు. పెరట్లో బట్టల తీగ దగ్గర నిలబడ్డాను. ఎండిన బట్టలు తీసి, మళ్లీ ఆరేసి, మళ్లీ తీశాను. కిటికీ అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నారు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వీపు నిటారుగా, ఆవిడ కళ్లలోకి చూస్తున్నారు. అచ్చం నేను నేర్పినట్టే. తడబడితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

పావుగంటకు ఆవిడ బయటికి వచ్చింది.

"మీ భర్త ఎప్పుడూ ఏమీ జరగలేదన్నారు," అంది.

"నేనే అలా చెప్పమన్నాను."

"అది కూడా రాసుకుంటాను." రాసుకుని ట్యాబ్ మూసి అంది: "పొరపాట్లు చాలా ఇళ్లలో జరుగుతాయి. ఈ ఇంట్లో మళ్లీ జరిగితే మాకు ఎవరు చెబుతారు?"

నిర్ణయం తనది కాదనీ, ఉత్తరం వస్తుందనీ చెప్పి వెళ్లిపోయింది.

లోపలికి వచ్చి చెబితే మా ఆయన ముఖం పాలిపోయింది. "నిజం చెప్పేదుంటే నాకొక్క మాట చెప్పొద్దా?" అన్నారు.

"చెప్పాలని అనుకోలే. నోట్లకెళ్లి వచ్చేసింది."

ఆయన టేబుల్ వైపు చూస్తూ అన్నారు: "ఇంట్ల గన్ ఉంటే మీకు భయమైతలేదా అని అడిగింది. లేదన్న. నువ్వు చెప్పుమన్నట్టే."

"మరి?"

"భయమైతున్నది."

ఆ వారమంతా ఆయన కారును గరాజ్‌లో పెట్టకుండా రోడ్డు మీదే ఉంచారని అప్పుడు తట్టింది నాకు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు ఎన్నిసార్లు నేర్పానో లెక్కలేదు. ఆ ప్రశ్న మాత్రం ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఉత్తరం కోసం ఆగకుండా ఫోన్ చేసి, నా అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. కారణం అడిగారు. మా ఆయనకు గన్ అంటే భయంగా ఉంది అన్నాను. అవతల ఎవరో అమ్మాయి టైప్ చేసుకుంటూ, ఎప్పటి నుంచి అంది. దసరా నుంచి అనబోయి ఆగాను. ఆయన ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆయన్నే అడిగాను.

"నువ్వు కొనుక్కొచ్చిన రోజుకెళ్లి," అన్నారు.

కొని రెండేళ్లయింది. ఆ మాటే ఫోన్‌లో చెప్పాను.