బందెలదొడ్డి సాక్ష్యం

ఎనభైల చివరి సంగతి. ఖమ్మం జిల్లాలోని మా ఊరికి కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన రైతు కుటుంబం ఒకటి ఉండేది. ఆ ఇంటి కొడుకు, తన వరి మడిలో పడిందని నా చూడి బర్రెను బందెలదొడ్డికి తోలించాడు. నేను మండలాఫీసులో గుమాస్తాను. అయినా దొడ్డి ముందు నిలబడి అతన్ని బతిమాలాను.

"ఆఫీసరుగారి బర్రెరా, కుర్చీ వేయండి" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు దొడ్డిలోనే బర్రె ఈచుకుపోయింది. దూడ దక్కలేదు.

తర్వాత అతను డ్రైవరుగా గల్ఫ్‌కు వెళ్లి, బండి గుద్దిన కేసులో జైల్లో పడ్డాడు. శిక్ష ముగియవచ్చింది కానీ పాస్‌పోర్టు యజమాని దగ్గరే పోయింది. మన దేశస్థుడేనని ఊరి నుంచి రాసి పంపితే అక్కడి మన ఎంబసీ వేరే కాగితమిచ్చి విమానం ఎక్కిస్తుంది. ఆ విచారణ ఢిల్లీ నుంచి, కలెక్టరాఫీసు మీదుగా దిగి దిగి నా బల్ల మీదికి వచ్చింది.

చదివి టీ తెప్పించుకున్నాను. సదరు వ్యక్తి కుటుంబం స్థానికులు కారు, స్వస్థలం కృష్ణా జిల్లా, అక్కడ విచారించవలెను అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అతను పుట్టింది ఇక్కడేనని మాత్రం రాయలేదు. ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టాడు. ఫైలు అతన్ని ఎరగని ఊరికి పోయింది.

ప్రతి సోమవారం అతని భార్య వచ్చేది. చెప్పులు మెట్ల కింద విడిచి లోపలికి వచ్చేది.

"అన్నయ్యగారూ, మా కాయితం ఎందాకా వచ్చిందండీ?"

"పోయిందమ్మా. గిట్ల వారం వారం అడిగితే జల్దీ అయితదా?"

ఆమె వెళ్లాక అటెండరు అనేవాడు: "ఏంది సారూ, ఆమె ఏడ్చి పోయిన నాడే నువ్వు రెండు టీలు తాగుతవ్."

నిజమే. కావాలనే ఆమెను మధ్యాహ్నం దాకా నిలబెట్టేవాణ్ని. నా బర్రె కూడా అలాగే నిలబడింది కదా అనుకునేవాణ్ని.

పది నెలలకు రెండో ఉత్తరం వచ్చింది. కృష్ణా జిల్లాలో అతన్నెవరూ ఎరగరన్నారట. నిన్ను గుర్తుపట్టే మనిషి ఎవరని ఎంబసీ వాళ్లు జైలుకు వెళ్లి అడిగితే అతను తెలుగులో రాసిచ్చిన కాగితం దానికి కుట్టి ఉంది. పైన నా పేరు. "మండలాఫీసులో ఉంటాడు. ఆయన చూడి బర్రెను నేను బందెలదొడ్డిలో పెట్టించాను. దూడ పోయింది. నన్ను మరిచిపోయే మనిషి కాడు. అడగండి."

ఆ పూటే సరైన రిపోర్టు రాసి, నేనే ఖమ్మం తీసుకెళ్లి ఇచ్చాను.

నెల తిరక్కుండా అతను వచ్చాడు. భార్యతో మా ఇంటికే వచ్చాడు.

"నువ్వు గుర్తుపట్టకపోతే అక్కడే పోయేవాణ్ని అన్నా."

"శిక్ష అయినంక ఎన్నాళ్లున్నవ్?"

"పదకొండు నెలలు. కాయితం ఎక్కడో ఆగిందంట."

బర్రె దూడను మోసేది పది నెలలు. నా మనసు ముందు ఆ లెక్కే చూసుకుంది, ఒక నెల ఎక్కువే ముట్టిందని. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. కాగితం ఎక్కడ ఆగిందో అతనికి చెప్పలేదు.

ఆమె మాత్రం లోపలికి రాలేదు. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి నన్ను చూసింది.